ఉదయ సముద్రంలో గాలానికి చేప తగ్గిందా?

పానగల్_బెండు
నల్గొండ పక్కన మా పానగల్ ఉదయ సముద్రం చెరువు మీద గాలం వేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈ మూడు నాలుగేళ్లలో చేప తగ్గిందని మీకూ అనిపిస్తోందా? చిన్నప్పటి నుంచీ నేను అదే కట్ట మీద కూర్చుంటున్నా. మా నాయన ఉన్నప్పుడు ఎర్ర గుచ్చి వేస్తే కాసేపట్లో జెల్లో పరకో ఏదో ఒకటి బెండును గుంజేది. వానలు పడే రోజుల్లో తుంగ పక్కన కప్పపిల్ల వేస్తే కొరమీను తగిలేది. ఇప్పుడు పొద్దున పోయి ఎండ ఎక్కేదాకా కూర్చున్నా వచ్చేవి జిలేబీ చేపలే, అవీ అరచేయంత ఉండవు. చూస్తే నీళ్లు నిండుగానే ఉన్నాయి. మరి చేప ఎటు పోయింది? తెలిసినవాళ్లు చెప్పండి, మనసుకు చాలా కష్టంగా ఉంది.

తూము_పక్కన
తగ్గలేదన్నా, చోటు మారింది. మొన్న కాలువ నీళ్లు వచ్చి పడే దిక్కు కూర్చుంటే రవ్వ పడింది, రెండు కిలోల పైనే. తవుడు, పల్లి చెక్క కలిపిన ముద్ద వేశాను. ఎర్రతో కూర్చుంటే జిలేబీలే ముందు వచ్చి కొరికేస్తాయి, పెద్ద చేపను దగ్గరికి రానివ్వవు.

పానగల్_బెండు
నేను అడిగేది రవ్వ సంగతి కాదు తమ్మీ. రవ్వ, బొచ్చె పిల్లలను ఏటా పోస్తారు, ఉంటాయి. జెల్ల, పరక, బొమ్మిడాయి, కొరమీను ఎవరూ పోయకుండానే ఉండేవి కదా. అవి ఏవి?

బైపాస్_గాలం
చేపల సంఘం వాళ్లు దోమతెర లాంటి వలలు వేసి ఊడ్చేస్తే ఇంకేం మిగుల్తాయి. నేను కళ్లారా చూశాను, వేలెడంత పిల్లలు కూడా బుట్టలోకే.

కొరమీను_కాక
బెండు తమ్ముడు అడిగిందే అసలు ప్రశ్న. గాలం వేసేవాళ్లు చెరువును కట్ట మీద నుంచి చూస్తారు. చేప పుట్టేది కట్ట దగ్గర కాదు, శిఖం దిక్కు, అంటే చెరువు నీళ్లు పల్చగా పరుచుకునే అంచున. మోకాలు లోతు నీళ్లు, తుంగ, జమ్ము, నాచు ఉండే చోట. వానాకాలం మొదట్లో కొరమీను అక్కడే గడ్డిని పక్కకు తోసి కొంచెం జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలుతుంటాయి. తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి. పిల్లలు పుట్టినాక ఎర్రటి గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ మునుగుతుంటే, ఆ గుంపు కింద నల్లగా పెద్ద చేప కదులుతుంటుంది. ఒకసారి చూసినవాడు మర్చిపోడు.

అట్లాంటి జాగా ఇప్పుడు ఎన్ని చెరువుల్లో మిగిలింది? మాది నకిరేకల్ దిక్కు. నీళ్లు వెనక్కి పోతుంటే వాటి వెంటే ట్రాక్టరు దున్నుకుంటూ వస్తుంది. శిఖంలో వరి వేస్తారు, పురుగుమందు గుళికలు చల్లుతారు, పెద్ద వాన పడగానే ఆ మడి నీళ్లు చెరువులోకే దిగుతాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనాక మా చెరువులో పూడిక తీశారు. మంచిదే, నీళ్లు నిలుస్తున్నాయి, బోర్లు పోస్తున్నాయి. కానీ జేసీబీ తవ్విన చోట అంచు నిలువుగా దిగిపోయింది. మోకాలు లోతులో అడుగు తీసి అడుగు వేస్తే తల మునుగుతుంది. అక్కడ తుంగ మొలవదు. తుంగ లేకపోతే కొరమీనుకు గుడ్డు పెట్టే చోటే లేదు. నీళ్లు పెరిగి చేప తగ్గడం అంటే ఇదే.

తూము_పక్కన
కాకా, పూడిక తీయకపోతే చెరువే ఉండేది కాదు. మా ఊళ్లో ఎండాకాలం వస్తే నెర్రెలు బారేది. నీళ్లే లేనప్పుడు ఏ చేప ఉంటుంది?

కొరమీను_కాక
తీయొద్దని నేను అనలేదు నాయనా. తీసేటప్పుడు శిఖం దిక్కు కొంత వాలుగా వదిలితే చాలంటున్నా. ఇంకో మాట, నెర్రెలు బారే చెరువులో కూడా కొరమీను బతికేది. అడుగున పచ్చి బురద ఉంటే అందులోకి దూరి, పై గాలి పీల్చుకుంటూ వాన దాకా ఉండేది. రవ్వకు ఆ శక్తి లేదు.

సాగర్_రోడ్డు
2016లో కొరమీనునే తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. మార్కెట్‌లో ఇప్పుడు దొరికే కొరమీను ఎక్కువగా ట్యాంకుల్లో పెంచిందే. రుచి తెలిసినవాళ్లు ముక్క నోట్లో పెట్టగానే చెబుతారు.

ఏఎమ్మార్పీ_కాలువ
పానగల్ చెరువును ఊరి చెరువు లెక్కన చూడకూడదు. కందూరు చోళుల నాటి చెరువే అయినా ఇప్పుడది బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, అంటే కాలువ నీళ్లు నిల్వ చేసి వదిలే చెరువు. నాగార్జునసాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లిలో పోస్తారు, అక్కడి నుంచి కాలువలో ఇక్కడికి వస్తాయి. మట్టం వానను బట్టి కాదు, మోటార్లను బట్టి మారుతుంది. కొరమీను గుడ్డు పెట్టిన రోజుల్లో మట్టం రెండడుగులు దిగిందంటే ఆ అంచు ఎండిపోతుంది, ఆ యేడు పిల్ల లేనట్టే.

2023లో కృష్ణకు సరైన వరద రాక సాగర్ నిండలేదు. ఆ యాసంగి ఎట్ల గడిచిందో ఆయకట్టు రైతులందరికీ తెలుసు. 2024 ఆగస్టులో మళ్లీ గేట్లు ఎత్తారు. అలాంటి కరువు ఏడాది దెబ్బ గాలం మీద వెంటనే కనిపించదు, తర్వాతి సంవత్సరాల్లో కనిపిస్తుంది. ఆ యేడు పుట్టాల్సిన చేపలే ఇప్పుడు మీ గాలానికి తగలడం లేదు. అందుకే చేప పోయిందని ఇప్పుడే తేల్చొద్దు.

పానగల్_బెండు
ఈ లెక్క నాకు తట్టనే లేదు. మంచి పాయింటు. కానీ జెల్ల, పరక తగ్గడం 2023 కంటే ముందే మొదలైంది అన్నా.

వలగంప
బైపాస్ గాలం గారికి జవాబు చెప్పాలి. మాది మత్స్య సహకార సంఘం. పానగల్ కాదు, వేరే మండలంలో చెరువు. చిన్న కన్ను వల వేసేవాళ్లు మాలోనూ ఉన్నారు, లేరని అబద్ధం ఆడను. సంఘంలో దాని మీద కొట్లాటలు కూడా అయ్యాయి. కానీ అందరినీ ఒకే గాట కట్టొద్దు. చెరువు మీద బతికేది మేము. పిల్లను పట్టుకుంటే మా కడుపే కొట్టుకున్నట్టు.

మా బాధ వేరే ఉంది. 2016-17 నుంచి ఉచిత చేపపిల్లల పథకం వచ్చింది. మంచి పథకం, అంతకుముందు పిల్ల కొనడానికే అప్పు చేసేవాళ్లం. ఎండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80-100 మిల్లీమీటర్ల పిల్ల అని లెక్క. తేడా అంతా ఆ సైజులోనే ఉంది. చిటికెన వేలంత కూడా లేని పిల్లను పోస్తే వాలుగ, జెల్ల, నీటి కాకులు పండగ చేసుకుంటాయి. ఇంకొకటి టైము. ఆగస్టులో పోస్తే ఎండాకాలానికి కిలో దగ్గరికి వస్తుంది. దసరా దాటినాక పోస్తే పెరిగే నెలలు ఎక్కడివి? నీళ్లు తగ్గడం మొదలవుతుంది, పట్టుకోక తప్పదు.

పోసే తీరు కూడా చూడాలి. ఒక యేడు లారీలో వచ్చిన కవర్లను దించిందే తడవు మూతి విప్పి గుమ్మరించారు. కవర్లో నీళ్లు చల్లగా ఉన్నాయి, చెరువు నీళ్లు మధ్యాహ్నపు ఎండకు కాగి ఉన్నాయి. పిల్ల గిరగిరా తిరిగి వెల్లకిలా పడింది. కవరును మూతి కట్టే కాసేపు చెరువులో తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెం చెరువు నీళ్లు కలిపి, పిల్ల దానంతట అదే బయటికి ఈదేలా వదలాలి. ఇది మా పెద్దలకు తెలిసిన పనే. తెచ్చినవాళ్లకు తొందర. అప్పటి నుంచి కవరు మూతి మేమే విప్పుతాం అని గట్టిగా చెబుతున్నాం.

బైపాస్_గాలం
వలగంప అన్నా, అందరినీ అనలేదు. మీలాంటివాళ్లు ఉంటే సంతోషం. కానీ గాలానికి కూడా డబ్బులు కట్టమని మొన్న ఒకాయన నా డబ్బా గుంజుకున్నాడు. అది ఎక్కడి న్యాయం?

వలగంప
డబ్బా గుంజుకోవడం తప్పే. అయితే తమ్మీ, పిల్ల పోసి, కాపలా కాసేది సంఘం. ఒక్క గాలానికి ఎవరూ ఏమనరు. కొందరు పది గాలాలు వరసగా పాతి, రాత్రంతా ముద్దలు వేసి, పట్టిన బొచ్చెలను రోడ్డు మీద అమ్ముతున్నారు. అది చూసినవాడికి మీరూ అట్లాగే కనిపించి ఉంటారు. పోయేముందు సంఘం అధ్యక్షుడికి ఒక మాట చెప్పండి, ఏ గొడవా ఉండదు.

చాయా_గుడి_దారి
నా లెక్కలో అసలు దొంగ జిలేబీ.

దేవరకద్ర_మాస్టారు
జిలేబీ అంటే తిలాపియా. ఆఫ్రికా చేప, మన దేశానికి 1952లో తెచ్చారు. గుడ్లను, పిల్లలను తల్లి నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. అందుకే మట్టం పెరిగినా తగ్గినా దాని పిల్ల బతుకుతుంది. కొరమీనుకూ పరకకూ అంచున గడ్డి కావాలి, దీనికి అవసరం లేదు. పైన కాక చెప్పింది, కాలువ అన్న చెప్పింది, జిలేబీ పెరగడం, మూడూ ఒకే కథ. అంచు పాడైన చెరువులో అంచు అవసరం లేని చేప గెలుస్తుంది.

రవ్వ, బొచ్చె గురించి కూడా చెప్పాలి. అవి నిలవ నీటి చెరువులో గుడ్డు పెట్టవు, పారే వరద నీళ్లు కావాలి. వెనకటికి నదుల్లో పిల్లను ఏరి తెచ్చి చెరువుల్లో పోసేవాళ్లు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి గారు చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్డు పెట్టించడంలో విజయం సాధించారు. ఏటా ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతారు. అంటే మన చెరువులో రవ్వ ఎంత ఉందన్నది ఎంత పోశారు, ఎంత బతికింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. చెరువు ఆరోగ్యం తెలియాలంటే పరకను చూడాలి, జెల్లను చూడాలి. మా కోయిల్‌సాగర్‌లో నేను గమనించేది కూడా అదే. పెద్దవాగు నుంచి కొత్త నీరు వచ్చినప్పుడు చిన్న చేప ఎదురెక్కుతోందా లేదా అని చూస్తాను. ఎక్కుతుంటే నాకు ధైర్యం.

పాలమూరు_పెద్దచెరువు
ఎదురెక్కడం అనగానే పాత రోజులు గుర్తొచ్చాయి మాస్టారూ. చెరువు మత్తడి దుంకితే ఊరు ఊరంతా అక్కడే. చీరలు, దోమతెరలు, జల్లెళ్లు, ఏది దొరికితే అది. మా అమ్మ కొత్త జల్లెడ నేను తీసుకుపోయానని రెండ్రోజులు అన్నంలో కూర వేయలేదు. చేపలు మాత్రం అందరితో పాటు తిన్నది!

కొరమీను_కాక
నవ్వొచ్చింది కానీ, ఆ ఎదురెక్కే చేపంతా కడుపులో గుడ్డుతో ఉండేదే. అప్పట్లో ఎంత పట్టినా మిగిలేది. ఇప్పుడు అంత మిగులు లేదు.

మూసీ_ఒడ్డు
మీరంతా కృష్ణ నీళ్ల అదృష్టవంతులు. మాది సూర్యాపేట దిక్కు, మూసీ ప్రాజెక్టు. 1963లో కట్టారు. హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చే నీళ్లు ఇవి. చేప ఉండదా అంటే ఉంటుంది, బాగా పెరుగుతుంది కూడా. కానీ ఎండాకాలంలో నీళ్లు తగ్గి, గుర్రపుడెక్క కుళ్లి, తెల్లవారుజామున చేపలన్నీ మూతులు పైకి పెట్టి గాలికి అల్లాడుతుంటే చూడలేం. రెండు మూడు గంటలు ఎండ కాస్తే తేరుకుంటాయి. వరసగా మబ్బు పట్టిందా, పొద్దున్నే ఒడ్డంతా తెల్లగా తేలుతుంది. మా ఇంట్లో మూసీ చేప తినడం మానేసి చాలా కాలమైంది. పట్టడం మీద ప్రేమ మాత్రం పోలేదు, పట్టి వదిలేస్తాను.

సాగర్_రోడ్డు
2019 అక్టోబరులో మీ గేటు కొట్టుకుపోయినప్పుడు చేప కూడా పోయింది కదా?

మూసీ_ఒడ్డు
పోయింది. కింద వాగుల్లో, కాలువల్లో పట్టుకున్నవాళ్లకు పండగ. మాకు మళ్లీ మొదటి నుంచి.

తూము_పక్కన
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదేం? బ్యాటరీ, ఇన్వర్టరు వీపున కట్టుకుని రాత్రిపూట అంచుల వెంట తిరుగుతారు. పెద్ద చేప తేలితే ఏరుకుంటారు, చిన్నవన్నీ అక్కడే చచ్చిపడి ఉంటాయి. కాకా చెప్పిన ఆ తుంగ అంచుల్లోనే ఇదంతా. మనుషులు కూడా పోయారు దీనివల్ల.

వలగంప
ఇది నిజం. చట్టం ఒప్పుకోదు. అట్ల కనిపిస్తే ఒక్కరే ఎదురు పోకండి, నీళ్లలో కరెంటు ఉంటుంది. ఫోటో తీసి, ఊళ్లో నలుగురిని పిలిచి, పోలీసులకు చెప్పండి.

బైపాస్_గాలం
ఒక సందేహం. ఇంతకుముందు కాక చెప్పిన ఎర్ర పిల్లల గుంపు ఉంది చూడండి, అక్కడ కప్ప వేస్తే తల్లి కొరమీను కోపంతో వచ్చి పట్టేస్తుంది. గాలం వాళ్లకు అంతకంటే మంచి అదను లేదు. మన ఒక్క చేపతో చెరువు ఖాళీ అవుతుందా?

కొరమీను_కాక
అవుతుంది తమ్మీ. అది ఆకలితో పట్టదు, పిల్లల కోసం పడుతుంది. తల్లిని తీసిన పది నిమిషాల్లో జిలేబీలు, జెల్లలు ఆ గుంపులో పడతాయి. నువ్వు తెచ్చుకున్నది ఒక్క చేప, పోయింది ఆ గుంపంతా. గుంపు కనిపిస్తే గాలం తీసి ఇంకో దిక్కు పో. ఇది నేను బతిమాలుకుంటున్నా అనుకో.

బైపాస్_గాలం
సరే కాకా. ఇక గుంపు మీద వేయను.

చాయా_గుడి_దారి
మొన్న మా వాడికి గాలానికి ఒంటి నిండా ముళ్ల పొలుసులతో, పులి మచ్చలతో వింత చేప పడింది. చూసి భయపడి మళ్లీ నీళ్లలోనే వేశాడు. ఏం చేప అది?

దేవరకద్ర_మాస్టారు
దయ్యం చేప అంటున్నారు దాన్ని. అక్వేరియంలో గాజు నాకుతూ ఉండే సక్కర్ చేపే, పెద్దదైతే అట్ల అవుతుంది. ఇళ్లలో పెంచినవాళ్లు తెచ్చి చెరువుల్లో వదలడంతో వచ్చిన తిప్పలు ఇవి. వలలు చించుతుంది, ఒడ్డుల్లో బొరియలు తవ్వుతుంది. మట్టికట్టలకు అది మంచిది కాదు. పడితే తిరిగి వేయొద్దని చెప్పండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా అంతే, దాని పెంపకమే నిషేధం. జాలిపడి వదలాల్సిన చేపలు వేరే ఉన్నాయి.

సాగర్_రోడ్డు
ఇవన్నీ చదువుతుంటే గాలం పక్కన పెట్టి జూరాల పోయి డ్యాం దగ్గర వేయించిన చేప తిని రావడమే మేలనిపిస్తోంది.

పాలమూరు_పెద్దచెరువు
రండి రండి, ఎర్రగా కారం పట్టించి పెట్టే వేపుడు మా దిక్కుదే. మృగశిర కార్తె నాడు మాత్రం రావద్దు, నిలబడను జాగా దొరకదు.

ఏఎమ్మార్పీ_కాలువ
ఒక పని చేద్దామా? అందరం ఒక తీరుగా రాసుకుందాం. ఏ రోజు, ఏ దిక్కు, నీళ్లు ఎంత వరకు ఉన్నాయి, ఏ చేప, ఎంత పొడవు. ఏమీ పడని రోజు కూడా రాయాలి, అది మర్చిపోతే లెక్క తప్పుతుంది. పానగల్‌లో మట్టం తెలియడానికి తూము మెట్లలో ఏ మెట్టు దాకా నీళ్లున్నాయో రాస్తే చాలు. రెండు వానాకాలాలు రాస్తే తగ్గింది, తగ్గలేదు అని వాదించుకునే పని ఉండదు.

పానగల్_బెండు
నేను రాస్తా. మా వీధి పిల్లలు ఇద్దరు వస్తారు, వాళ్లకూ నేర్పిస్తా. పరక, జెల్ల పడితే ప్రత్యేకంగా గుర్తు పెడతాం. కాకా, శిఖం దిక్కు ఒక రోజు మీరొచ్చి చూస్తే బాగుంటుంది, ఎక్కడెక్కడ తుంగ మిగిలిందో మీ కంటికి తెలుస్తుంది.

కొరమీను_కాక
వానలు పడనీ, వస్తా. మోకాళ్లు నొప్పి, కట్ట ఎక్కించే పని మీది.

వలగంప
మా సంఘం మీటింగులో ఒక మాట పెడదామనుకుంటున్నా. శిఖం మూల ఒక ముక్కను వానాకాలం అంతా వల పడకుండా వదిలేద్దామని. దున్నేవాళ్లతో కూడా మాట్లాడాలి, అదే కష్టం, పట్టా ఉందని ఒకరు, లేదని ఒకరు. కాకా, అంచులో గుడ్డు సంగతి మీరు పైన రాసింది మావాళ్లకు చదివి వినిపిస్తా. ముసలివాళ్లు వెంటనే ఒప్పుకుంటారు, వాళ్లు చూసినదే కాబట్టి. కుర్రవాళ్లకు మాస్టారు చెప్పిన జిలేబీ కథ చెబుతా.

కొరమీను_కాక
చదువు నాయనా. ఎంత చిన్న ముక్కైనా ఫర్వాలేదు, నీళ్లు నెమ్మదిగా లోతయ్యే చోటు చూసుకోండి. కంపచెట్ల కొమ్మలు నాలుగు తెచ్చి నీళ్లలో పడేయండి, వల లాగనివ్వవు, పిల్లకు నీడా అవుతుంది.

వలగంప
కంప మంచి ఉపాయం. మనిషిని పెట్టి కాపలా కాసే పని తప్పుతుంది.

చాయా_గుడి_దారి
తూము పక్కన అన్నా, ఆ రవ్వ పడ్డ ముద్ద ఎట్ల కలిపారో చెప్పనే లేదు. నాది నీళ్లలో వేయగానే విడిపోతోంది.

తూము_పక్కన
తవుడు రెండు పాళ్లు, పల్లి చెక్క పొడి ఒక పాలు, గుప్పెడు గోధుమ పిండి. గోధుమ పిండి లేకపోతే విడిపోతుంది. నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా కలిపి, తడి గుడ్డ చుట్టి అరగంట ఉంచండి. తంగూసు సన్నది వాడండి, నీళ్లు తేటగా ఉన్నప్పుడు లావు దారం రవ్వకు కనిపిస్తుంది. ఆదివారం కాలువ దిక్కే ఉంటా, వస్తే కలిపి చూపిస్తా.